చేతికి చదువు నేర్పదలచిన గురువు – డాక్టర్ జాకిర్ హుస్సేన్

డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి పేరు వినగానే మన విద్యార్థులకు జ్ఞప్తికి వచ్చేది రాష్ట్రపతి భవనం. 1967 మే 13వ తేదీన ఆ పదవిని స్వీకరించి, 1969 మే 3వ తేదీన పదవిలో ఉండగానే కన్నుమూసిన మూడవ రాష్ట్రపతి అని పోటీ పరీక్షలకు చదువుకొనేవారు ఠక్కున చెప్పగలరు. అయితే రాష్ట్రపతిగా ఆయన గడిపినది రెండు సంవత్సరాలకు పది దినాలు తక్కువ. జీతాలకు డబ్బు లేని ఒక చిన్న విద్యాసంస్థకు అధిపతిగా గడిపినది 22 సంవత్సరాలు. ఆ కాలమంతా ఆయనను వెంటాడిన ప్రశ్న ఒకటి కలదు. బడిలో నేర్చే చదువుకు, బడి వెలుపల బ్రతుకుతెరువుకై చేయవలసిన పనికి సంబంధమేమిటి? ఆయన జీవితాన్ని ఆ ప్రశ్న వెంబడి నడిచి చూడవలెనని మా సంకల్పం.

ఈ సంకల్పానికి కారణం మా తరగతిలోనే ఉన్నది. బి.ఎ. రెండవ సంవత్సరం చదువుచున్న ఒక విద్యార్థి హాజరు పలికేటప్పుడు కుడిచేతిని బల్ల క్రింద దాచుకొనేవాడు. చాలా దినాలు మేము గమనించలేదు. గమనించి అడుగగా, తన మేనమామ గారి లేతు షాపులో సాయంకాలాలు పని చేస్తున్నానని, గోళ్లలోని గ్రీజు ఎంత కడిగినా పోవుట లేదని తల వంచుకొని చెప్పాడు. ఆ షాపులో అతడు నక్షా చూచి ఇనుమును మిల్లీమీటరులో పదవ వంతు తేడా లేకుండా కోయగలడు. మా తరగతిలో మేము చెప్పిన నోట్సు వ్రాసుకొంటాడు. మొదటి పనికి సిగ్గుపడుచున్నాడు, రెండవ పనికి డిగ్రీ పుచ్చుకొనబోవుచున్నాడు. ఈ తలక్రిందుల వ్యవహారాన్ని సరిదిద్దుటకు ఆయుష్షు ధారపోసినవారిలో జాకిర్ హుస్సేన్ గారు ముఖ్యులు. ఆయన ఎంతవరకు సఫలులయ్యారు, ఎక్కడ విఫలులయ్యారు అనునది దాచకుండా చెప్పుకొనుట మంచిది.

ఆయన మన హైదరాబాదులోనే 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు ఉత్తర ప్రదేశంలోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్ నుండి వచ్చి ఇక్కడ న్యాయవాద వృత్తిలో స్థిరపడిన పఠాను. ఏడుగురు కుమారులలో జాకిర్ మూడవవారు. 1907లో తండ్రి మరణించగా తల్లి నాజ్నీన్ బేగం గారు బిడ్డలను తీసికొని ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్లారు. నాలుగేండ్లకు ప్లేగు ఆమెను కూడా కబళించింది. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చదివిన ఈ తల్లిదండ్రులు లేని బాలుడు మొదట వైద్యుడు కావలెనని లక్నోలో విజ్ఞానశాస్త్రం చేపట్టాడు, అనారోగ్యం అడ్డుపడింది. పిమ్మట అలీగఢ్‌లోని మహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరి 1918లో పట్టభద్రులయ్యారు.

1920 అక్టోబరులో గాంధీజీ అలీగఢ్‌కు వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను విడిచిపెట్టవలసిందిగా విద్యార్థులను కోరారు. జాకిర్ హుస్సేన్ గారు అప్పుడు ఎం.ఎ. చదువుతూ అక్కడే కొంత బోధన కూడా చేయుచుండిరి. ఉద్యోగపు బాట చక్కగా పరచి ఉన్నది. దానిని విడిచి బయటికి వచ్చినవారిలో ఆయన ఒకరు. ఆ నెల 29వ తేదీన జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. ఆవేశంలో కళాశాలలు విడిచిన విద్యార్థులు ఆనాడు దేశమంతటా ఉన్నారు, వారిలో చాలామంది తిరిగి చేరారు. జాకిర్ గారి ఆవేశం చల్లారలేదు. దానిని పనిగా మార్చుకొనవలెనంటే ముందు తాను నేర్చుకొనవలెనని ఆయన గ్రహించి, 1922లో జర్మనీకి ప్రయాణమయ్యారు.

బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆయన చదివినది అర్థశాస్త్రం. ప్రఖ్యాత ఆచార్యులు వెర్నర్ సోంబార్ట్ గారి వద్ద బ్రిటిష్ ఇండియా వ్యవసాయ వ్యవస్థపై పరిశోధించి 1926లో డాక్టరేటు పొందారు. అదే బెర్లిన్‌లో ఆయన మరొక విద్య కూడా అభ్యసించారు. మీర్జా గాలిబ్ దీవానును అందమైన చిన్న ప్రతిగా కావియానీ ముద్రణాలయంలో 1925లో అచ్చు వేయించినప్పుడు, కంపోజిటరు పనిలో తానే కూర్చొని అక్షరాలు పేర్చారు. నవాబుల ఇండ్లలో అత్తరు పూసి దాచుకొనే గాలిబ్‌ను సీసపు అక్షరాల మసిలో ముంచి తీసిన ఆ చేతులు తరువాతి కథకు అవసరం. అందుకే ఇక్కడ చెప్పాము.

జర్మనీలో ఆయనను ఆకర్షించిన విద్యావేత్త గేయోర్గ్ కెర్షెన్‌స్టైనర్. ఈ పేరు మన విద్యార్థులకు కొత్త కావచ్చును గనుక ఇక్కడ కొంతసేపు నిలుచుట అవసరం. 1854లో మ్యూనిక్ నగరంలో జన్మించిన ఈయన గణితోపాధ్యాయులు. 1895 నుండి 1919 వరకు ఆ నగరపు పాఠశాలలకు అధికారి. అప్పటికి అక్కడి పిల్లలు పదమూడు, పదునాలుగేండ్లకు బడి ముగించి ఏదో ఒక వృత్తిలో ఉస్తాదు వద్ద శిష్యులుగా చేరేవారు. వారికై సాయంకాలాలలోనూ ఆదివారాలలోనూ అనుబంధ పాఠశాలలు నడిచేవి. పగలంతా కొలిమి వద్ద అలసిన పిల్లవానికి అక్కడ మరల పాత పుస్తకమే, పాత లెక్కలే. ఫలితం చెప్పనక్కరలేదు.

కెర్షెన్‌స్టైనర్ 1900 నుండి ఆ బడులను వృత్తుల వారీగా విడదీశారు. రొట్టెలు కాల్చేవారికి ఒక బడి, కసాయివారికి ఒకటి, వడ్రంగులకు ఒకటి, పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి కూడా ఒకటి. ఈ విధంగా నలభైకి పైగా వృత్తులకు బడులేర్పడినాయి. ప్రతి బడిలోనూ పనిశాల ఉండేది. వడ్రంగి పిల్లవానికి లెక్కలంటే కలప ధర, తరుగు, కూలి. చిత్రలేఖనమంటే తాను చేయబోయే బీరువా నక్షా. చరిత్ర అంటే ముందు తన వృత్తి చరిత్ర, ఆ ద్వారం గుండా నగర చరిత్ర. తరగతులు పని వేళలలోనే జరిగేవి. వారంలో ఆ కొద్ది గంటలు యజమాని పిల్లవానిని విడిచిపెట్టక తప్పదు. యజమానులు మొదట గొణిగారు. తరువాత వృత్తి సంఘాలే ముడిసరుకు ఇచ్చుటకు, ఏమి నేర్పవలెనో సలహా చెప్పుటకు ముందుకు వచ్చాయి. బజారులో ఏ పనికి గిరాకీ ఉన్నదో చెప్పుటకు అక్కడ నివేదికలతో అవసరం లేకపోయింది. యజమానియే బడి కమిటీలో కూర్చొని ఉండేవాడు.

ఈ పద్ధతిలో ఒక కీలకమున్నది. మ్యూనిక్ పిల్లవానికి మొదట పని దొరికింది, పిమ్మట దానికి తగిన బడి దొరికింది. దీనిని పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన.

బెర్లిన్‌లో ఉండగానే జామియా మూతపడబోవుచున్నదని వార్త వచ్చింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారడంతో చందాలు ఆగిపోయాయి. తానూ, మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ గార్లూ తిరిగి వచ్చేవరకు సంస్థను మూయవద్దని, తమ జీవితాలను దానికే అంకితం చేస్తామని జాకిర్ గారు కబురు పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. అంతకు ముందు సంవత్సరమే జామియా అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు మారి ఉన్నది. 29 ఏండ్ల వయస్సులో ఆయన దానికి అధిపతి అయ్యారు. 1927 చివర హకీం అజ్మల్ ఖాన్ గారు మరణించగా ఉన్న ఒక్క ఆధారం కూడా కూలింది. అప్పుడు అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి, 20 సంవత్సరాలు సేవ చేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసికొనమని ప్రతిజ్ఞ చేశారు. 150 అనునది పై హద్దు మాత్రమే. ఎన్నో నెలలు అంతకంటె చాలా తక్కువతో సరిపెట్టుకొన్నారు. (మా సహాధ్యాపకులు ఈ పంక్తులు చదివి నవ్వుకొందురు గాక.)

జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలే ఒక బ్యాంకు నడిపేవారు, ఒక దుకాణం నడిపేవారు. వడ్డీ లెక్క పుస్తకంలో రాకముందే పాసుపుస్తకంలో వచ్చేది. బూట్లు మాసి బడికి వచ్చే విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, అధిపతి గారే ఒక ఉదయం గేటు వద్ద పాలిషు, బ్రష్షు పట్టుకొని కూర్చున్నారని నేటికీ చెప్పుకొంటారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు ఏ నవాబునూ పిలువలేదు. బడిలో అందరికంటె చిన్న పిల్లవాని చేత రాయి వేయించారు.

ఇక వార్ధా కథ. 1937లో కాంగ్రెసు పలు రాష్ట్రాలలో మంత్రివర్గాలను ఏర్పరచినప్పుడు, ప్రాథమిక విద్యకు డబ్బు ఎక్కడి నుండి తేవలెనన్న సమస్య ఎదురయింది. చేతివృత్తి ద్వారానే సమస్త విద్యా నేర్పవలెనని, పిల్లలు చేసిన వస్తువుల విలువతోనే బడి ఖర్చు గడవవలెనని, ఆ వస్తువులను ప్రభుత్వం కొనవలెనని గాంధీజీ ప్రతిపాదించారు. అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యావేత్తల సభ జరిగింది. గాంధీజీ ఎదుట ఆయన ప్రతిపాదనను విమర్శించుటకు ఆ సభలో గుండె ధైర్యం కావలెను. జాకిర్ హుస్సేన్ గారు లేచి, పని ద్వారా బోధించుట విద్యాలోకానికి పూర్తిగా కొత్త కాదని, ఖర్చు రాబట్టుటపైనే దృష్టి నిలిపితే ఉపాధ్యాయుడు పేదపిల్లల శ్రమను పిండే మేస్త్రీగా మారగలడని హెచ్చరించారు. గాంధీజీ ఆ విమర్శకునినే సంఘాధ్యక్షునిగా నియమించారు. ఇద్దరి గొప్పతనమూ ఈ ఒక్క సంఘటనలో తెలియుచున్నది.

డిసెంబరు 2న నివేదిక సిద్ధమైంది. 7 నుండి 14 సంవత్సరాల వరకు నిర్బంధ విద్య, బోధన మాతృభాషలో, కేంద్రంలో ఒక వృత్తి: నూలు వడకుట, నేత, వడ్రంగం, వ్యవసాయం, తోటపని, తోలుపని వంటిది. దినానికి ఐదున్నర గంటల బడి. అందులో మూడు గంటల ఇరువది నిమిషాలు వృత్తికే. మాతృభాషకు నలభై నిమిషాలు. సంవత్సరానికి 288 పనిదినాలు. విద్యా లక్ష్యాలను బలిచేసి ఆర్థిక లక్ష్యానికి ప్రాధాన్యమిచ్చు ప్రమాదమున్నదని నివేదికలోనే హెచ్చరిక వ్రాసిపెట్టారు. మరుసటి ఫిబ్రవరిలో హరిపురా కాంగ్రెసు దీనిని ఆమోదించింది. హిందుస్తానీ తాలీమీ సంఘ్ ఏర్పడి ఆయనే అధ్యక్షులయ్యారు.

ఆయన దృష్టిలో చేతులు ఆడించినదంతా విద్య కాదు. ఏమి చేయవలెనో ముందు ఆలోచించాలి, ఎట్లు చేయవలెనో పథకం వేసికొనాలి, చేయాలి, చేసినదానిని తానే నిర్దాక్షిణ్యంగా పరీక్షించుకొనాలి. ఈ నాలుగూ ఉన్న పని మాత్రమే మనిషిని తీర్చిదిద్దుతుందని ఆయన జీవితాంతం బోధించారు. ఆ కొలతతో చూస్తే మా విద్యార్థి లేతు షాపులో పొందుచున్నది విద్య. మా తరగతిలో పొందుచున్నది ఏమిటో వ్రాయుటకు మాకు కొంత జంకు కలుగుచున్నది.

ఆ పథకం నిలువలేదు. 1939 చివర కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో ప్రభుత్వ అండ తొలగింది. ముస్లిం లీగ్ దీనిని తీవ్రంగా ఖండించింది. జామియా అధిపతి మీద స్వజనుల నుండి వచ్చిన ఆ నింద ఆయనను ఎంతగానో బాధించింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మౌలిక విద్య పేరిట ఎన్నో బడులు తెరచినా, అవి నడిచిన తీరును స్వయంగా ఆయనే నిర్మొహమాటంగా నిరసించారు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ వృత్తిని కేంద్రం నుండి ప్రక్కకు జరిపి, పని అనుభవం అను పేరుతో ఒక అంశంగా మిగిల్చింది.

రాజకీయమే కారణమని సరిపెట్టుకొనుట మాకు సమ్మతం కాదు. మా తాతగారు దూదేకుల వృత్తి చేసినవారు. భుజాన ఏకుడు విల్లు వేసికొని ఊరూరా తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకేవారు. పత్తి రకం చేత పట్టి చెప్పగల నేర్పు ఆయనది. యంత్రాలు వచ్చాక ఆ నేర్పును అడిగే ఇల్లు లేకపోయింది. నేర్పు తగ్గలేదు, గిరాకీ పోయింది. ఆయన కుమారుని బడికి పంపినది ఆ విల్లును మరచిపోవుటకే. అటువంటి ఇంటి పిల్లవానికి బడిలో మరల రాట్నం, ఏకులు చేతికిస్తే తండ్రి ఏమనుకొంటాడు? తమకు రాట్నం, గుమాస్తా బిడ్డలకు ఇంగ్లీషు అని అనుమానించడా? వృత్తికి కులం అంటుకొని ఉన్న దేశంలో ఈ అనుమానం సహజం. మ్యూనిక్ బడి వెనుక నలభై వృత్తుల బజారున్నది, కూలి ఇచ్చే యజమాని ఉన్నాడు. వార్ధా బడి వెనుక ఉన్నది ప్రభుత్వం కొంటుందన్న మాట ఒక్కటే. అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందిన జాకిర్ గారికి, జాతి సంపదకంటె జాతి ఉత్పాదక శక్తియే ముఖ్యమన్న ఫ్రెడరిక్ లిస్ట్ గ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చిన జాకిర్ గారికి, ఇది తెలియదనలేము. అయినా ఆయన బడిని పిల్లవాని మనస్సు వైపు నుండి కట్టారు. బజారు వైపు గోడ కట్టుట ఇతరులకు విడిచిపెట్టారు. ఆ గోడ లేవలేదు. ఆయన పట్ల మాకు గల భక్తికి ఈ అభిప్రాయం భంగం కాదని నమ్ముచున్నాము.

తక్కిన జీవితం అందరికీ తెలిసినదే. 1946 నవంబరులో జామియా రజతోత్సవ వేదికపై నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ గార్లను ఒకచోట కూర్చుండబెట్టి, దేశంలో రగులుతున్న మంటను ఆర్పవలసిందిగా కన్నీటితో వేడుకొన్నారు. మరుసటి ఆగస్టులో జలంధర్ రైల్వే స్టేషనులో అల్లరి మూకల చేత చిక్కి, ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి చలువతో ప్రాణాలు దక్కించుకొన్నారు. 1948 నుండి 1956 వరకు అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు, 1957లో బీహార్ గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి అనువదించిన చేతితోనే పిల్లలకు మేక కథ వ్రాశారు, గులాబీలు పెంచారు. ఆయన బీహారులో ఉండగా, 1961లో, పార్లమెంటు అప్రెంటిస్ చట్టాన్ని చేసింది. శిక్షణ ఇవ్వవలసిన బాధ్యతలో కర్మాగారానికి కూడా చట్టరీత్యా భాగం కల్పించిన ఆ చట్టంలో మ్యూనిక్ ఛాయలు మాకు కనిపించుచున్నవి.

1969 మేలో ఆయనను రాష్ట్రపతి భవనం నుండి జామియాకు తెచ్చి ఆ ఆవరణలోనే ఖననం చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో పశ్చిమ జర్మనీ వృత్తి శిక్షణ చట్టాన్ని ఆమోదించి, కార్ఖానాలోని శిక్షణకు దేశమంతటికీ ఒకే కట్టుబాటు ఏర్పరచింది. మన దేశంలో 2020 నాటి జాతీయ విద్యా విధానం, 2025 నాటికి విద్యార్థులలో కనీసం సగం మందికి వృత్తి విద్యతో పరిచయం కలిగించవలెనని గడువు పెట్టింది. ఆ గడువు ముగిసిపోయింది.

ఈ వ్యాసం వ్రాయుచుండగా లేతు షాపు విద్యార్థి మా వద్దకు వచ్చాడు. ఏదో కర్మాగారంలో అప్రెంటిస్ శిక్షణకు దరఖాస్తు తెచ్చి, కళాశాల ధ్రువపత్రం కోరాడు. దరఖాస్తులో పదవ తరగతి మార్కులకు గడి ఉన్నది, ఐ.టి.ఐ. ట్రేడుకు గడి ఉన్నది. మేనమామ గారి షాపులో నాలుగు సంవత్సరాలుగా చేసిన పనికి గడి లేదు. కాగితం అడుగున ఉన్న కొద్ది ఖాళీలో ఆ సంగతి మేమే వ్రాసి సంతకం చేశాము. అది చెల్లునో లేదో వచ్చే నెల తెలియవలసి ఉన్నది.